నాయన వెనకాల నడిచిన ఎండాకాలం

మొన్న కాలేజీలో పాఠం చెబుతున్నాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యే కథల గురించి. ఏ భాషలో చూసినా ఈ కథల నడక దగ్గర దగ్గరగానే ఉంటుందనీ, పిల్లో పిల్లాడో ఇల్లు దాటి, ఏదో ఒక దెబ్బ తిని, లోకం తెలుసుకుని మనిషవుతారనీ చెప్పి, "అయితే ఫలానా రోజున నేను పెద్దయ్యాను అని ఎవరైనా చెప్పగలరా?" అని అడిగాను. వెనక బెంచీలో అమ్మాయి ఒకతి లేచింది. "మగపిల్లోళ్ళ సంగతి తెలీదు గానీ మేడమ్, మాకైతే ఆ రోజు ఊరందరికీ తెలుస్తాది. ఫ్లెక్సీ గూడా ఏస్తారు" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. తర్వాత స్టాఫ్‌రూములో క్యారియరు తెరిచి, ఒక్క ముద్ద కూడా తినలేక మళ్ళీ మూత పెట్టేశాను.

మా ఊళ్ళో అడిగితే నేను పెద్దమనిషినైన రోజు ఇప్పటికీ చెబుతారు. మా మామ కొబ్బరి మట్టలు తెచ్చి వసారాలో గుడిసె కట్టిన రోజు అంటారు. అది తప్పు. అంతకు నెల ముందే అయ్యాను. ఎవరికీ చెప్పలేదు.

మాది పులివెందులకు దగ్గర్లో ఒక పల్లె. ఎర్రనేల, మూడు అడుగులు తవ్వితే బండ. మా తాత కాలంలో చెనక్కాయ, అంటే వేరుశనగ, తప్ప ఏమీ వేసేవాళ్ళు కాదట. నాయన పెళ్ళయిన కొత్తలో ఎక్కడెక్కడో తిరిగి చీనీ అంట్లు తెచ్చి నాటాడు. బయటివాళ్ళు బత్తాయి అంటారు, మాకు అది చీనీ. నాకు ఊహ తెలిసేసరికి చెట్లు కాపుకొచ్చాయి. చలి తగ్గుముఖం పట్టగానే తెల్లగా పూత విరగబూసేది. ఆ వాసన మా బట్టల్లోకి, దుప్పట్లలోకి, ఆఖరికి సద్దిబువ్వలోకి కూడా ఎక్కేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడకు ముక్కు ఆనించి, "ఏమే, మీ తోట నెత్తిన పెట్టుకోని వచ్చినావా?" అనేది.

పచ్చి చీనీ తొక్క వంచి కంట్లోకి చిమ్మితే భగ్గుమంటుంది. బడిలో నా మీద వచ్చిన ఫిర్యాదులన్నీ ఆ తొక్క మీదే. ఉప్పూ కారం అద్దుకుని పిందెలు తినేదాన్ని. మా జేజి, అంటే నాయన వాళ్ళ అమ్మ, తోటలో చెట్లను లెక్కబెట్టినట్టు పిందెలను కూడా లెక్కబెడుతుందని మా అనుమానం. "ముండా, నోరు పులిసిపోతాది, బిడ్డ మాదిరి ఉంటే దాన్ని తెంపుతావా" అని తరుముకునేది. తోటలో ఎవరైనా చెట్టు కొట్టే మాట ఎత్తితే మాత్రం గట్టిగా దగ్గేది. చెట్టుకు చెవులుంటాయనీ, దాని ముందర ఆ మాట అనగూడదనీ.

మధ్యాహ్నం అమ్మ గంపలో సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి తెచ్చేది. నాయన చెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని తినేవాడు. తింటున్నంత సేపూ చూపు కొమ్మల్లోనే ఉండేది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాపు బాగా వచ్చిన ఏడాది, లారీ ఎక్కిన కాయల వాసన పోయేదాకా రోడ్డు మీద నిలబడి చూసేవాడు. అంతకు మించి ఆయన సంతోషం నాకు ఎప్పుడూ కనపడలేదు.

తర్వాత నీళ్ళు పోయాయి.

ముందు బావి పోయింది. తోట నడుమ రాతిమెట్ల బావి. బెండు కట్టుకుని అందులో ఈత నేర్చుకోవడం మొదలుపెట్టాను, నేర్చుకునేలోపలే అడుగు కనబడింది. తర్వాత బోర్లు. నీళ్ళు చూసే మనిషి వచ్చి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా నడిచాడు. ఒకచోట టెంకాయ నిక్కి నిలబడింది. అక్కడ నాయన పసుపూ కుంకుమా పెట్టి మొక్కాడు. లారీ వచ్చింది, పొద్దంతా తొలిచింది, దుమ్ము వచ్చింది. తెల్లటి బండ దుమ్ము. ఇంకో చోట తొలిచారు. అక్కడా దుమ్మే. ఆ దుమ్ము ఆకుల మీద పడి తోట ముసలిదైపోయినట్టు కనపడింది. మూడోసారి తొలిచినప్పుడు రవ్వంత తడి మట్టి వచ్చింది. నాయన దాన్ని గుప్పిట్లో పట్టుకుని మా అందరికీ చూపించాడు. మర్నాటికి అది కూడా ఎండిపోయింది.

మోటార్లు దించడానికీ ఎత్తడానికీ ఒక సాయిబు వచ్చేవాడు. నేను మోటారు మామ అని పిలిచేదాన్ని. ఆయన పైపులు పైకి లాగుతూ, "అరె భాయ్, ఈ నేల తల్లి కడుపు ఎండిపాయ. ఇంక దాన్ని పొడవాకు" అన్నాడు నాయనతో. నాయన తొలిపించడం ఆపేశాడు. ట్యాంకరుతో నీళ్ళు తోలించి ఒక్కో చెట్టుకూ బిందె లెక్కన పోశాడు. అదీ ఎన్నాళ్ళు?

ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి అమ్మ వసారాలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నన్ను పక్కన కూర్చోమంది.

"పాపా, ఒక పని చెప్తా. ఎవురితోనూ అనగూడదు."

"ఏందిమా?"

"ఈ సెలవుల్లో మీ నాయన యాడికి పోతే ఆడికి పో. తోటకు పోతే తోటకు పో. అంగడికి పోతే అంగడికి పో. ఒక్కన్ని ఇడిసిపెట్టాకు."

"యాలమా?"

అమ్మ చేతులు ఆగాయి. "నిన్న మోటారు షెడ్డుకు బువ్వ ఎత్తుకోని పోతే, మందు డబ్బా ముందర పెట్టుకోని కూచోనుండాడు. నన్ను జూసి లేచినాడు. చెట్లకు కొట్టాలనుకుంటి అన్నాడు. సచ్చిపోయే చెట్లకు మందేంది పాపా? ఆ డబ్బా నేను దిబ్బలో పూడ్సేసినా. అంగట్లో ఇంగోటి దొరకదా?"

నాకు అర్థమైంది. అర్థం కానట్టు, "నువ్వే పోరాదా?" అన్నాను.

"నేను ఎంటబడితే మనిషికి తెలిసిపోతాది. నువ్వైతే పిల్లవి. ఊరికే వచ్చినట్టుంటాది." చేట ఎత్తి రెండుసార్లు చెరిగింది. "మీ జేజికి తెలియగూడదు. ఆమె గుండె ఆగిపోతాది."

ఆ పూటే మొదలుపెట్టాను. నాయన చెప్పులేసుకుంటే నేనూ చెప్పులేసుకున్నాను.

మొదట్లో ప్రతిసారీ ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్ని. చింతచిగురు కావాలనో, బడి పుస్తకానికి ఆకులు అంటించాలనో. నాలుగు రోజులకు అబద్ధాలు అయిపోయాయి. తర్వాత ఊరికే వెనక నడిచేదాన్ని. ఒకసారి ఆయన చెంబు పట్టుకుని కంపచెట్ల వైపు పోతుంటే కూడా వెనకాలే పోయాను. ఆగి తిరిగి చూశాడు.

"చెంబు కనపడలేదా? దీనిగ్గూడా వస్తావా?"

"రానులే. ఈ రాయి మీద కూచుంటా."

"ఏమన్నా భయమా నీకు?"

"ఆ. పాములుంటాయి గదా."

"పాముంటే నన్ను కరుస్తాది, నిన్ను యాల కరుస్తాది?" అని నవ్వాడు. ఆ ఎండాకాలం ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను. నేను మాత్రం రాయి మీద కూర్చుని, కంపచెట్ల అవతల ఆయన దగ్గు వినపడేదాకా ఊపిరి బిగబట్టాను.

పొద్దున్నే తోటకు పోయేవాళ్ళం. నాయన చెట్టు చెట్టు దగ్గరా నిలబడి, గోటితో బెరడు గీకి చూసేవాడు. లోపల పచ్చగా ఉంటే బతికి ఉన్నట్టు. గోధుమరంగు ఉంటే పక్క చెట్టుకు పోయేవాడు. నాకూ గీకడం నేర్పించాడు. కొన్నాళ్ళకు నేను ముందుగా గీకి, గోధుమరంగు కనపడితే, "ఇది పచ్చగుంది నాయనా" అని అబద్ధం చెప్పి ఆయన్ని దాటించేసేదాన్ని. ఆయన నమ్మినట్టు నడిచేవాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజుల్లో నాకు సంతోషం కూడా ఉండేది. అంతకుముందు నాయనతో నాలుగు మాటలు ఆడింది లేదు. ఇప్పుడు పొద్దంతా ఆయనే నాకు. ట్యాంకరు కోసం బతిమాలడానికి మోపెడ్ బండి మీద పులివెందుల పోతే నన్ను వెనక కూర్చోబెట్టుకునేవాడు. బస్టాండు కాడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఇప్పించేవాడు. తను టీ మాత్రం తాగేవాడు. తన చిన్నప్పుడు చేలో చెనక్కాయలు కాలుస్తూ కాలుస్తూ గడ్డివామి అంటించిన సంగతి చెప్పాడు. "మా నాయన తంతాడని దినమంతా చింతచెట్టు మీదనే కూచోనుంటి. ఆయనొచ్చి కింద నిలబడి, దిగురా, కొట్టనులే అన్న్యాడు. దిగితే కొట్నాడు" అని చెప్పి, "నేను నిన్నెప్పుడన్నా కొట్టినానా?" అని అడిగాడు. లేదన్నాను. "గుర్తుపెట్టుకో" అన్నాడు. 

ఆయన ఏ మాట అన్నా అది ఆఖరి మాటేమోనని తూకం వేసేదాన్ని. అమ్మ వైపు ఎక్కువసేపు చూసినా భయం, చూడకపోయినా భయం. ఇంటికి రాగానే అమ్మ కళ్ళతో అడిగేది. నేను తల ఊపేదాన్ని. అంతే మా ఇద్దరి మధ్య మాట.

అట్లా మూడు వారాలు గడిచాక ఒక పొద్దు తోటలోనే నాకు లోపావడా తడిగా అనిపించింది. మోటారు షెడ్డు వెనక్కి పోయి చూసుకున్నాను. అదేమిటో తెలుసు. మా పెద్దమ్మ కూతురికి పోయిన ఏడే జరిగింది. తొమ్మిది దినాలు మూల కూర్చోబెట్టారు. విడిగా కంచం, విడిగా చెంబు. మగవాళ్ళు ఎవరూ మొహం చూడకూడదు, కన్నతండ్రి కూడా. గడప దాటకూడదు.

తొమ్మిది దినాలు.

షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాను. పొత్తికడుపులో నొప్పి. అయినా ఆ వేళ నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. నేను మూల కూర్చుంటే నాయన వెనకాల ఎవరు నడుస్తారు?

"పాపా, యాడుండావు?" అని నాయన అటువైపు నుంచి పిలిచాడు.

"ఈడుండా నాయనా. వస్తాండా."

షెడ్డులో మోటారు తుడిచే పాతగుడ్డలు ఉంటే వాటిలో శుభ్రంగా ఉన్నది వెతుక్కున్నాను. నాలుగు రోజులూ అట్లాగే గడిపాను. షెడ్డు పక్క తొట్టి అడుగున చెట్లకని దాచిన నీళ్ళు ఉండేవి. వాటిలోంచి ఒక చెంబు దొంగిలించి గుడ్డ ఉతుక్కునేదాన్ని. అది కూడా ఒక చెట్టు నోటికాడి నీళ్ళే గదా అని ఏడుపొచ్చేది. తడిగుడ్డను తోట చివర, ఎండిపోయిన చెట్టు కొమ్మకు ఆరేసేదాన్ని. నాయన ఆ చెట్ల వైపు పోవడం మానేశాడు కాబట్టి భయం లేదు. మైలతో తోటలో తిరిగితే చెట్లకు అరిష్టమని జేజి అనేది. నా వల్లే మిగతావి చస్తున్నాయేమోనని ఒక్కో చెట్టునూ మనసులో క్షమాపణ అడుక్కుంటూ ఆయన వెనకే నడిచాను.

అమ్మకు చెప్పలేదు. చెబితే అమ్మ దాచేదేమో. కానీ ఆమె మోసేదే ఆమెకు ఎక్కువగా ఉంది.

రెండో నెల జేజికి దొరికిపోయాను. బండి దిగుతుంటే పావడా మీద మరక కనపడింది. జేజి నా చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కుపోయి, "ఒసేయ్ కోడలా! మనింట్లో శుభమే! మన పాప పెద్దమనిషయిందే!" అని అరిచింది. ఆమె మొహం అట్లా వెలగడం రెండేళ్ళలో చూడలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. నన్ను చూసింది. గుమ్మంలో ఉన్న నాయన్ని చూసింది. అమ్మ మొహంలో రక్తం లేదు.

"ఇప్పుడు ఇవన్నీ యాలత్తా?" అంది మెల్లగా. "చేతులో ఏముందని? ఒక పూట నీళ్ళు పోసి ఊరుకుందాం."

"ఊరుకుంటావా? ఇంట్లో ఉన్నది ఒక్క బిడ్డ. చెట్లు పాయె, నీళ్ళు పాయె, ఈ ఒక్క ముచ్చటా వద్దంటావా?" జేజికి ఏడుపొచ్చింది.

నాయన అప్పటికే మొహం పక్కకు తిప్పుకుని బయటికి పోతున్నాడు. ఆచారం గదా. "పెద్దోళ్ళు చెప్పినట్టు చెయ్యండి" అన్నాడు.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, మట్టలు తెచ్చి వసారా మూలలో గుడిసె కట్టాడు. జేజి నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసింది. నెయ్యి లేదని నువ్వులనూనె కొంచెం ఎక్కువ పోసింది. ఒంటికి పసుపు పూశారు. అమ్మ పాత చీర కట్టారు. వచ్చిన ఆడవాళ్ళు పాటలు పాడారు. ఆ చిమ్మిలి తీపి నోట్లో పెట్టుకుంటే నాకు మట్టి తిన్నట్టు ఉంది. అమ్మ కంచం పెట్టడానికి వంగినప్పుడు, "నేను చూసుకుంటాలే" అని గొణిగింది. కానీ వచ్చేపోయే వాళ్ళకు టీలు పెట్టడానికే ఆమెకు సరిపోయింది.

మట్టల సందులోంచి వీధి కొంచెం కనపడేది. నేను నాయన దగ్గు కోసం, చెప్పుల చప్పుడు కోసం వింటూ కూర్చున్నాను. ఆయన రోజూ గుమ్మం బయట నిలబడి, లోపలికి చూడకుండా, "పాపా, తిన్న్యావా?" అని అడిగేవాడు. "తిన్న్యా. నువ్వు యాడికి పోతాండావు?" అనేదాన్ని. "ఈడనే" అనేవాడు.

నాలుగో రోజు అడగడానికి రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. బండి గోడకు ఆనించే ఉంది. దగ్గు వినపడలేదు. "జేజీ, నాయన యాడ?" అని పిలిచాను.

"యాడికి పోతాడు? వస్తాడులే. నువ్వు అట్ల మగోళ్ళ పేరెత్తగూడదు" అంది జేజి, పసుపు అంటిన చేతులతో తమలపాకులు తుడుస్తూ.

"అమ్మ యాడ?"

"పిండి పట్టిచ్చను పోయింది."

గుడిసె మట్టలు తోసేసి బయటికి వచ్చాను. జేజి కేక వేసింది. నేను అప్పటికే వీధిలో ఉన్నాను. ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు చెప్పులు లేవు, అమ్మ చీర కాళ్ళకు చుట్టుకుంటోంది. కుళాయి కాడ ఉన్న ఆడవాళ్ళు బిందెలు వెనక్కి లాక్కున్నారు. "ఓ పిల్లా, మైలతో వీధిలోకి వస్తివేందే! నీకు బుద్ధుందా!" అని ఒకామె అరిచింది. హోటలు ముందర మోటారు మామ టీ తాగుతూ కనపడ్డాడు. "మామా, మా నాయన!" అని మాత్రం అన్నాను. ఆగలేదు.

నేల కాలుతోంది. కంపముల్లు దిగినా తీసుకోలేదు. మోటారు షెడ్డులో లేడు. చెట్ల వరసల మధ్య పిలుచుకుంటూ పరిగెత్తాను. ఆకుల్లేని చెట్లు కాబట్టి తోట ఈ కొస నుంచి ఆ కొస దాకా కనపడుతోంది. మనిషి లేడు. అప్పుడు బావి వైపు చూశాను. మొదటి మెట్టు మీద ఆయన చెప్పులు ఉన్నాయి.

వంగి చూశాను. అడుగున, నీడ పడే మూలలో, పగిలిపోయిన ఒండ్రు మీద కూర్చుని ఉన్నాడు. ముందర డబ్బా ఉంది. మెట్లు దిగాను. కింది మెట్లు ఎప్పుడో కూలిపోయాయి, అక్కడి నుంచి జారి పడ్డాను. చప్పుడుకు ఆయన తల ఎత్తి, నన్ను చూసి, వెంటనే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నువ్వు రాగూడదు గదా పాపా" అన్నాడు. "నేను నిన్ను చూడగూడదు."

"నువ్వు చూడాకు. నేను చూస్తా."

డబ్బా మూత సీలు తీయలేదు. దాన్ని లాక్కుని చీర కొంగులో చుట్టుకుని పొట్ట కింద పెట్టుకున్నాను. నాయన తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. గోడ వైపు చూస్తూనే మాట్లాడాడు.

"మీ అమ్మ నిన్ను కావిలి పెట్టిందని నాకు తెలుసు. మొదటి దినమే తెలుసు."

నేను డబ్బాను ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాను.

"మొదట్లో కోపమొచ్చింది. సెలవుల్లో ఆడుకునే పిల్లని ఎండలో తిప్పుతారా అని. తర్వాత అలవాటైపాయ. పొద్దున లేస్తే, పాప వస్తాది గదా, దానికి ఏం చూపిద్దాం అనుకుంటాంటి. చెట్టు గీకి నువ్వు పచ్చగుంది అంటే, అబద్ధమని తెలుసు. అయినా ఆ దినం గడిసిపోయేది." ఆగాడు. "ఈ నాలుగు దినాలు నువ్వు లేవు. ఎనక్కి తిరిగి చూస్తే ఎవురూ లేరు."

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పేశాను.

"నేను పోయిన నెల్లోనే పెద్దమనిషి అయినా నాయనా. చెప్తే మూల కూచోబెడతారని చెప్పలే. షెడ్డులో గుడ్డలు పెట్టుకున్న్యా. తొట్టిలో నీళ్ళు దొంగతనం చేసినా. నీ ఎనకాల రావల్లని ఎవురికీ చెప్పలే. అమ్మకు గూడా చెప్పలే."

 ఆయన గోడ వైపు నుంచి తిరిగి నా మొహం చూశాడు. నేరుగా చూశాడు. పెద్ద మనిషి నోరు తెరుచుకుని, శబ్దం బయటికి రాకుండా ఏడవడం అప్పుడే మొదటిసారి చూశాను. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టబోయాడు. నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాను. ఒక పిల్ల చూడకూడనిది ఏదైనా ఉంటే అది అదే.

పైన మోటారు మామ గొంతు వినపడింది. పైపులు లాగే తాడు తెచ్చాడు. ముందు నన్ను లాగాడు, తర్వాత నాయన్ని. కొంగులో ఉన్నదేమిటో చూసి, నా చేతిలోంచి తీసుకుని, ఏమీ అడక్కుండా తన సంచిలో వేసుకున్నాడు. "పోదాం పా భాయ్, చెల్లెమ్మ ఎదురు చూస్తాంటాది" అని నాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకు, పాడుబావిలో దూడ పడిందని, అందుకే దిగినామని ఆయనే చెప్పాడు.

జేజి మాత్రం నేను మైల కలిపినానని మూడు దినాలు మాట్లాడలేదు. ఆమెకు ఎవరూ నిజం చెప్పలేదు. తర్వాత ఆమే నా కాళ్ళలో ముళ్ళు తీసింది.

వానలు రాకముందే నాయన తోట కొట్టించాడు. ఒక్క పొద్దులో అయిపోయింది. కట్టెలు ఇటుకల బట్టీకి పోయాయి. చెట్టు కొడుతుంటే పచ్చి కాకపోయినా చీనీ వాసన వచ్చింది. జేజి తలుపు వేసుకుని లోపల కూర్చుంది. బడి తెరిచిన కొన్నాళ్ళకు మేం ముగ్గురం ప్రొద్దుటూరు వచ్చేశాం. జేజి మా పెద్దనాయన వాళ్ళింటికి పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు కూడా బతకలేదు.

నాయన ఒక బట్టల అంగట్లో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. వచ్చినవాళ్ళ ముందు పరిచిన చీరలన్నీ, వాళ్ళు పోయాక మళ్ళీ మడవాలి. గంజి వాసన ఆయన చేతులకు అంటుకుంది. బెరడు గీకిన గోళ్ళు మెత్తబడ్డాయి. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ బావి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కావలి మాత్రం మానలేకపోయాను. రోజూ బడి వదలగానే, దూరమైనా ఆ అంగడి మీదుగానే ఇంటికి వచ్చేదాన్ని. అద్దంలోంచి ఆయన తల కనపడితే కాళ్ళు ముందుకు పడేవి. ఒకరోజు కనపడలేదు. అంగట్లోకి దూరి, చీరలు చూస్తున్న ఆడవాళ్ళను తోసుకుని, "మా నాయన యాడ?" అని అరిచాను. ఆయన మేడ మీది నుంచి గుడ్డల మూట భుజాన పెట్టుకుని దిగుతున్నాడు. ఆ మెట్ల మీద అట్లాగే నిలబడిపోయాడు. అంగట్లో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా తోటి పిల్లలు సినిమాలకూ రాజోలి ఆనకట్టకూ పోయే వయసంతా నేను ఒక మనిషి కనపడుతున్నాడా లేదా అని చూసుకోవడంతోనే గడిచిపోయింది.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఎమ్మేకు సీటు వచ్చింది. పోనని చెప్పాను. ఇక్కడే ఏదో బళ్ళో చేరతానన్నాను.  మూడో రోజు నాయన నా పెట్టె తనే సర్దాడు. నా బట్టలన్నీ అంగట్లో మడిచినట్టు మడిచాడు.

"నేనుంటాలే పాపా. నువ్వు పో" అన్నాడు. అంతే అన్నాడు.

బస్టాండుకు వచ్చాడు. బస్సు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, కింద ఎండలో నిలబడ్డాడు. డ్రైవరు ఎంతకీ రాలేదు. "పోయి నీడన కూచో నాయనా" అన్నాను.

"పర్వాలేదులే. నువ్వు చూస్తాంటావు గదా. కనపడేట్టు నిలబడతా."

బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. మలుపు తిరిగింది. ఆయన కనపడలేదు. కిటికీలోంచి ఇంకా బయటికి వంగాను. పక్కనున్న ముసలామె ఏమ్మా ఏమైంది అంటోంది. ఊరు దాటకముందే లేచి, ఆపమని అరిచి, పెట్టె ఈడ్చుకుంటూ దిగేశాను. ఆటో ఎక్కి వెనక్కి వచ్చాను. ఆ దారి ఎంత పొడుగు అనిపించిందో చెప్పలేను.

ఆయన అక్కడే ఉన్నాడు. అదే ఎండలో, అదే చోట, చేతులు పక్కలకు వేలాడేసుకుని, బస్సు పోయిన దిక్కు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఒక్క అడుగు కూడా కదల్లేదు.

నన్ను చూసి ఎందుకు వచ్చినావని అడగలేదు. పెట్టె నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇంగో బస్సు గంటకుందంట" అన్నాడు. "ఉంటాలే."